పదికి పద్దెనిమిది

పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ నాకు ఈ ఏడాది కూడా నిజామాబాద్‌లోనే పడింది. పొద్దున్నే బోధన్‌లో బస్సెక్కి వెళ్లడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. మూడో రోజు నా బల్ల మీదికి వచ్చిన కట్టలో ఒక లెక్క ఉంది. సున్నపురాయిని కాలిస్తే ఇరవై ఎనిమిది గ్రాముల సున్నం వచ్చింది, కాల్చిన రాయి ఎంత? జవాబు యాభై గ్రాములు. చాలామంది సరిగ్గానే చేశారు. సమీకరణం రాసి, వంద గ్రాముల రాయికి యాభై ఆరు గ్రాముల సున్నం అని రాసి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టి, చివర యాభై చుట్టూ డబ్బా గీశారు. పక్క కుర్చీలో ఉన్న ఆర్మూర్ టీచరమ్మ "ఈ లెక్కకు మార్కులు ఊరికెనే వస్తున్నయి" అని నవ్వింది. నేను ఎర్ర పెన్నుకు మూత పెట్టి బయటికి వెళ్లి, కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాను.

ఆ లెక్కను పెన్నూ కాగితం లేకుండా చేసే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన పోయి నాలుగేళ్లవుతోంది. పేరు రాయడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

అప్పట్లో నేను కోటగిరి వైపు ఒక ఊళ్లో సైన్సు టీచర్ని. ఆదివారాలు బోధన్‌లో ఓపెన్ స్కూల్ క్లాసులు చెప్పేదాన్ని. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు పది పూర్తి చేసుకోవడానికి వచ్చేవాళ్లు. గల్ఫ్‌కు పోయే ముందు పది పాసైన కాగితం చేతిలో ఉంటే మేలనుకునే కుర్రాళ్లు కొందరు, అంగన్‌వాడీ ఆయాలు ఇద్దరు ముగ్గురు. వాళ్లందరి వెనక, ఆఖరి బెంచీలో, యాభైకి దగ్గరపడ్డ మనిషి ఒకాయన.

మొదటి రోజు నేను గమనించింది ఆయన ముఖాన్ని కాదు, తువ్వాలను. కూర్చునే ముందు దానితో బెంచీ తుడిచాడు. అది అందరూ చేసేదే. క్లాసు అయిపోయాక అందరూ లేచి పోతుంటే ఆయన మళ్లీ తువ్వాల తీసి, తాను కూర్చున్న చోటును ముందుకంటే శ్రద్ధగా తుడిచాడు.

"లేచినంక ఎందుకన్నా తుడుస్తున్నవు?" అని అడిగాను.

"నేను సున్నం బట్టి కాడ పని చేస్త మేడం. బట్టలల్ల సున్నం ఉంటది. రేపు గీడ కూసునే పిల్లగాండ్లకు దురద వెడ్తది" అన్నాడు.

అప్పుడు చూశాను. కనుబొమల్లో, చెవుల మడతల్లో తెల్లటి పొడి. ఎంత స్నానం చేసినా పోని తెలుపు. చేతులు మాత్రం నూనెతో నల్లగా మెరిసేవి. సున్నం చర్మాన్ని తినేస్తుందని రోజుకు రెండుసార్లు కొబ్బరినూనె పట్టించేవాడు. ఆ నూనె చేతుల్లో పెన్ను జారిపోయేది. అందుకని పెన్నుకు సుతిలి తాడు చుట్టుకుని వచ్చాడు. ఆ లావు పెన్నుతో, పాలు పితికినట్టుగా పిడికిలి బిగించి రాసేవాడు. అక్షరాలు పెద్దవి, గుండ్రటివి. పేజీకి ఏడెనిమిది లైన్లకంటే పట్టేవి కావు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన అందులో కూలీ. చెరుకు రసంలో సున్నపు పాలు కలిపి మడ్డిని విడదీసే చోట పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక, అదే ఫ్యాక్టరీకి ఒకప్పుడు సున్నం పంపిన బట్టిలో చేరాడు. ఇప్పుడు ఆ సున్నం గోడలకు, కోళ్లఫారాలకు, తమలపాకుల్లోకి పోతోంది. ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారన్న మాట మా వైపు ప్రతి ఏడాదీ వినిపిస్తుంది. ఈసారి తెరిస్తే పది పాసైనవాళ్లనే తీసుకుంటారని ఆయనకు ఎవరో చెప్పారు.

"తెరుస్తరంటవా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"తెరువకపోతె తెరువకపాయె. తెరిచిన దినం నా దగ్గర కాగితం లేకుంటె గది నా తప్పయితది గద మేడం" అన్నాడు.

ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి తూకం చెప్పడం ఆయనకు అలవాటు. అడక్కుండానే చెప్పేవాడు. నా హ్యాండ్‌బ్యాగు బల్ల మీంచి కిందికి దించబోతూ ఒక్క క్షణం ఆగి, "మూడు కిలోలకు పావు తక్కువ" అనేవాడు. పుస్తకాల కట్ట, నీళ్ల బిందె, ఆయా చంకలోని మనుమరాలు, అన్నీ అంతే. ఇంకో అలవాటు మాకు విసుగు తెప్పించేది. ఏ సంగతి చెప్పినా చివర నుంచి మొదలుపెట్టేవాడు. "బస్సు వోయింది మేడం" అనేవాడు ముందు. దానికి ముందు రోడ్డు మీద జనం, దానికి ముందు ట్రాక్టరు బోల్తా, దానికి ముందు పొద్దున భార్యకు జ్వరం, అట్లా వెనక్కి వెనక్కి నడిచేవాడు. కుర్రాళ్లు నవ్వితే ఏమాత్రం నొచ్చుకునేవాడు కాదు. "బయటికి వచ్చింది సూస్తె లోపటికి ఏం వోయిందో తెలుస్తది తమ్మీ. బట్టి కాడ మేం గట్లనే సూస్తం" అనేవాడు.

టీ తాగేటప్పుడు చెంచాలో చక్కెర చూసి, "గింతకు వేలెడు చెరుకు" అని తన చూపుడువేలు చూపించేవాడు. కంచంలో అన్నం చూస్తే వడ్లెన్నో చెప్పేవాడు. భార్య చుట్టిన బీడీ కట్టలు చూస్తే ఆకెంతో చెప్పేవాడట. ఆమె కసురుకునేదట, "నువ్వు సూసేది బీడీలనా, అడివినా" అని.

ఆ లెక్క చెప్పాల్సిన ఆదివారం వచ్చింది. వచ్చిన పదార్థం బరువు తెలిస్తే, దానికి వాడిన పదార్థం బరువు కనుక్కోవడం. బోర్డు మీద సమీకరణం రాశాను. సున్నపురాయి వంద, సున్నం యాభై ఆరు, గాలిలో కలిసే వాయువు నలభై నాలుగు. పది కింటాళ్ల సున్నం కావాలంటే ఎంత రాయి కావాలని అడిగాను. కుర్రాళ్లు ఫోన్లలో క్యాల్కులేటర్ తెరుస్తున్నారు.

"పద్దెనిమిది" అన్నాడు ఆయన వెనక నుంచి.

లెక్క చేశాను. పదిహేడు పాయింట్ ఎనభై ఆరు వచ్చింది. "దగ్గరికి వచ్చినవన్నా, కానీ పద్నాలుగు కిలోలు ఎక్కువ చెప్పినవు" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. సుతిలి పెన్ను చేతిలో తిప్పుతూ, "ఎక్కువ గాదు మేడం. పెద్ద రాళ్లల్ల నడిమిట్ల గింత పచ్చిగనే ఉంటది. ఉడకది. సుత్తెతోని కొడ్తె తెలుస్తది. మీ పద్నాలుగు కిలోలు గదే" అన్నాడు.

పుస్తకంలో లేని ఆ పద్నాలుగు కిలోలను ఆయన తన సుత్తితో ముట్టుకుని చూశాడు. పదేళ్లుగా ఆ పాఠం చెబుతున్న నాకు అది తట్టలేదు.

"గని నాకు ఒకటి సమజ్ గాదు" అన్నాడు ఆయనే మళ్లీ. "పద్దెనిమిది ఏస్తె పది వస్తది. గా ఎనిమిది ఎటు వోతది మేడం? ఎన్నేండ్ల సంది సూస్తున్న. పొగంటరు. పొగకు ఎనిమిది కింటాళ్ల బరువుంటదా?"

ఉంటుందని చెప్పాను. ఆ గాలికి రంగు లేదు, వాసన లేదు, కానీ బరువుంది. మామూలు గాలి కంటే బరువని కూడా చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మలేదని మొహం మీదే రాసి ఉంది. కానీ మర్యాద కోసం తలూపి కూర్చున్నాడు. బట్టి ఒకసారి చూపించమని నేనే అడిగాను.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక వెళ్లాను. బోధన్‌కు ఇవతల, కాలువ దాటాక, రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంది బట్టి. ఇటుకల బురుజులా రెండు నిలువుల ఎత్తు. పైమూతి నుంచి రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస పోస్తారు. లోపల ఎడతెగకుండా మండుతూ ఉంటుంది. కాలిన సున్నం కిందికి దిగుతుంది. దాన్ని లాగడానికి బురుజు అడుగున ఒక గుంత. ఆరేడు మెట్లు దిగి, వంగి, పారతో సున్నం బయటికి లాగాలి.

ఆయన నన్ను గుంత అంచున నిలబెట్టాడు. గోడ గూట్లోంచి ఒక రేకుడబ్బా తీశాడు. దానికి తీగతో పిడి, లోపల చిన్న నూనె దీపం. వెలిగించి, తాడు కట్టి, మెల్లగా గుంతలోకి దించాడు. తల వంచి దీపాన్నే చూస్తూ, తాడు పట్టిన చేతులనే దండంలా జోడించి, కాసేపు అట్లాగే నిలబడ్డాడు. దీపం నిలకడగా వెలిగింది. అప్పుడు మెట్లు దిగాడు.

ఆయన పైకి వచ్చాక, "ఏందన్నా గీ పూజ?" అని నవ్వాను.

"మా మామ నేర్పిండు మేడం, నాకు గీ పని చెప్పినాయన. దీపం దించనిది దిగొద్దన్నడు. బట్టి దేవునికి కోపమొస్తె దీపం చిన్నగైతదట. ఆరిపోతదట. గప్పుడు దిగొద్దు, మల్ల మంచిగ వెలిగేదాంక ఆగాలె. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో చిన్నగైతది. వానకాలం ఎక్కువ."

నాకు అప్పుడు ముప్పై నాలుగేళ్లు. సైన్సు టీచర్ని. పెద్ద చదువు లేని పెద్దమనిషి మనసులోంచి ఒక భయాన్ని తీసేసే అవకాశం వచ్చిందని సంతోషపడ్డాను. ఇప్పుడు ఆ మాట రాసి రెండుసార్లు కొట్టేశాను.

"దేవుడూ లేడు, కోపమూ లేదన్నా" అన్నాను. "నువ్వు అడిగిన ఎనిమిది కింటాళ్లు గిదే. మనం ఊపిరి వదిలితే బయటికొచ్చే గాలి గిదే. సోడా బుడ్డిల బుస్సుమనేది గిదే. పొద్దుగాల లేస్తే మనందరి ముక్కులల్లకెల్లి వచ్చేదే. దీనికి భయపడుడు ఎందుకు?"

ఆయన తన ముక్కు కింద వేలు పెట్టుకుని ఊపిరి వదిలి చూసుకున్నాడు. రెండుసార్లు వదిలాడు. తర్వాత గట్టిగా నవ్వాడు. ఆయన అట్లా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

"గింతేనా మేడం! గిన్నేండ్లు గిదానికా నేను దండం వెట్టింది!"

ఆ వాయువు మంటను ఆర్పుతుంది. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. దాని లక్షణాల్లో మూడోది. పిల్లల చేత బట్టీ పట్టించాను. మంటను ఆర్పేది మనిషినీ ఆర్పుతుందని ఆలోచించడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. కానీ ఆ గుంత అంచున, చేతిలో దీపం పట్టుకున్న మనిషి పక్కన నిలబడి ఉన్నప్పుడు నాకు ఆ వాక్యం గుర్తు రాలేదు. అది నాకు బోర్డు మీది వాక్యం, అంతే. ఆయన మామకు చదువు లేకపోయినా ఆ వాక్యం తెలుసు. దేవుడి పేరు పెట్టి చెప్పాడు. నేను ఆ పేరు తీసేశాను. తీసేసిన చోట పెట్టాల్సింది పెట్టలేదు.

ఆ తర్వాత ఆదివారాల్లో ఆయన మారాడు. ముందు బెంచీలోకి వచ్చాడు. కుర్రాళ్లకు తనే లెక్క చెప్పేవాడు, "ఎనకకెల్లి రా తమ్మీ, వచ్చినకాడికెల్లి మొదలువెట్టు" అంటూ. ఇంగ్లీషు మాత్రం ఎంతకూ పట్టుబడలేదు. వేసవిలో పరీక్షలు రాశాడు. సైన్సు పరీక్ష అయిన రోజు నా కోసం గేటు దగ్గర ఎదురుచూశాడు. చేతిలో ప్రశ్నపత్రం నాలుగు మడతలు.

"రాయి లెక్క వచ్చింది మేడం. మొత్తం ఏసిన" అన్నాడు. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "పచ్చి రాయి సంగతి గుడ్క రాసిన, కింద. రాయొచ్చునా?" అని అడిగాడు.

"రాయొచ్చన్నా" అన్నాను.

అదే ఆయనతో నా చివరి మాట.

వానలు మొదలయ్యాయి. ఆ ఏడు ముసురు వదలకుండా పట్టింది. ఒక బుధవారం సాయంత్రం మా సెంటర్‌లో చదివిన అంగన్‌వాడీ ఆయా ఫోన్ చేసింది. "మేడం, బట్టి అన్న వోయిండు" అంది. పోవడమంటే ఎక్కడికి అని అడిగాను నేను.

వెళ్లేసరికి ఇంటి ముందు రేకుల కింద పడుకోబెట్టారు. ఒంటి మీద కాలిన గాయం లేదు, దెబ్బ లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఆయనతో పనిచేసే ఇద్దరు గోడకు ఆనుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకతను ఇంకా ఓకరిస్తూనే ఉన్నాడు. అతనే చెప్పాడు. మూడు రోజుల వానకు రాయి తడుస్తోందని, ఆ రోజు అన్నాల వేళకు బట్టి యజమాని సేటు పైమూతి మీద రేకులు కప్పించాడు. లోపల మంట ఆర్పలేదు. మధ్యాహ్నం అన్నం తిని ఆయన సున్నం లాగడానికి గుంతలోకి దిగాడు. ఎంతకూ పైకి రాకపోతే వీళ్లు చూశారు. మెట్ల దగ్గర గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. పార మోకాళ్ల మీద అడ్డంగా ఉంది. ముక్కులకు తువ్వాల కట్టుకుని దిగి లాక్కొచ్చారు. కళ్లు తిరిగి వీళ్లూ పడిపోయేవాళ్లే.

సేటు అక్కడే ఉన్నాడు. వచ్చిన ప్రతివాళ్లతో "గుండె ఆగింది, కూసున్న కాడనే ఆగింది, ఏం చేస్తం" అంటున్నాడు. మర్నాడు పొద్దున్నే దహనం అయిపోయింది. పోస్టుమార్టం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగాలని నాకు తోచేసరికి బూడిదే మిగిలింది.

మూడో రోజు వెళ్లాను. ఆయన భార్య గడప పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో బీడీల చాట ఉంది కానీ చేతులు ఊరుకున్నాయి. నన్ను చూసి చాట పక్కన పెట్టి, చాప పరిచింది.

"నీ గురించే చెప్తుండె మేడం ఎప్పుడు సూసినా. మా మేడం గిట్ల చెప్పింది, మా మేడం గట్ల చెప్పింది" అంది. తర్వాత, ఏదో మంచి మాట గుర్తొచ్చినట్టుగా, "గా దీపం పిచ్చి నువ్వే మాన్పించినవు. బట్టిల చేరినకాడికెల్లి సూస్తున్న, దీపంల నూనె ఉన్నదా లేదా అని ఒకటే ఆరాటం. నువ్వు చెప్పినంక ముట్టలే. డబ్బ తెచ్చి ఇంట్ల వెట్టిండు. గిదంత మన ఊపిరేనే అని నాకు గుడ్క చెప్పిండు, ముక్కు కాడ వేలువెట్టి" అంది.

నేను ఆమెకు ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఆమె ముఖంలో నింద లేదు. ఉంటే బాగుండేది. ఆమె నాకు కృతజ్ఞత చెబుతోంది.

లేచి వచ్చేశాను. అక్కణ్ణుంచి నేరుగా బట్టికి వెళ్లాను. ఆయన పోయిన రోజు లాగిన సున్నం ఎంతని, అప్పుడు ఓకరిస్తూ కూర్చున్న అతన్నే అడిగాను. పొద్దుటి నుంచి అన్న దిగేవరకు పద్నాలుగు కింటాళ్లు లాగామన్నాడు. బస్టాండులో కూర్చుని నోటుబుక్కు కాగితం మీద లెక్క చేశాను. ఆయన చేసినట్టే, వచ్చినదాని దగ్గర మొదలుపెట్టి వెనక్కి. పద్నాలుగు కింటాళ్ల సున్నం రావాలంటే ఇరవై ఐదు కింటాళ్ల రాయి కాలాలి. మిగిలిన పదకొండు కింటాళ్లు గాలి. బొగ్గు నుంచి వచ్చింది ఇందులో కలపలేదు. పైన రేకులు కప్పి ఉన్నాయి. పైకి దారి మూసుకుంటే బరువైన గాలి కిందికే దిగుతుంది. కింద గుంత. గుంతలో ఆయన.

ఆ కాగితం పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. ఎస్సై కుర్రవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేసి, టీ తెప్పించి, కాగితం చదివాడు.

"గాలిని కింటాళ్లల్ల రాసిండ్రు మేడం" అన్నాడు.

"గాలికి బరువుంటుంది. లెక్క తప్పు లేదు, ఎవరితోనైనా చూపించుకోండి. రేకులు కప్పడం వల్ల ఆయన ఊపిరాడక పోయాడు."

"లెక్క కరెక్టే ఉండొచ్చు మేడం. గని బాడీ లేదు. ఇంటామె అనుమానం లేదని రాసిచ్చింది. సేటు గుండెపోటంటుండు. గీ కాగితం మీద నేను కేసు ఎట్ల రాయాలె?" కాగితం బల్ల మీద పెట్టి, "ఇన్నేండ్ల సంది గదే గుంతల దిగుతుండె గద. ఏనాడు కానిది ఆ రోజే ఎందుకైంది?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. ఇన్నేళ్లూ దీపం దించి దిగాడు, ఆ రోజు దించలేదు. ఎందుకు దించలేదో నాకు తెలుసు. నోరు తెరిచాను కూడా. చెబితే ఉద్యోగం పోతుందని కాదు, ఏమీ పోదని నాకు తెలుసు. ఆ మాట నా నోటి నుంచి నేను వినలేకపోయాను. "వాన కదా, రేకులు కప్పారు" అని మళ్లీ మొదటికే వచ్చాను. ఎస్సై కాగితం మడిచి నా చేతికిచ్చాడు. టీ చల్లారిపోయిందని ఇంకోటి తెప్పించబోయాడు.

పది రోజుల్లో బట్టి మళ్లీ మండింది. కొత్త మనిషి దిగుతున్నాడని తెలిసి వెళ్లాను. ముప్పై ఏళ్ల మనిషి. గుంత దగ్గర నిలబడి, దీపం సంగతంతా చెప్పాను. ఆరితే దిగొద్దు, చిన్నదైనా దిగొద్దు, రేకులు కప్పి ఉంటే అసలే దిగొద్దన్నాను. అతను ఓపిగ్గా విని, నాకు ధైర్యం చెబుతున్నట్టుగా అన్నాడు.

"మీరు భయపడకుండ్రి మేడం. గది మన ఊపిరిల ఉండేదేనట. పాతన్న అందరికి చెప్పిండు."

నేను అది తప్పన్నాను. ఎవరు చెప్పినా తప్పేనన్నాను. నా గొంతు పెద్దదైంది. అప్పటికే సేటు మనిషి వచ్చి, ఇక్కడికి బయటివాళ్లు రాకూడదమ్మా అంటున్నాడు. కొత్తతను తలూపాడు. నాకు బాగా తెలిసిన తలూపుడే అది, మర్యాద కోసం ఊపేది. తర్వాత అతను దీపం దించాడో లేదో నాకు తెలియదు. బట్టి ఇప్పటికీ నడుస్తోంది. బస్సు కాలువ దాటేటప్పుడు నేను అటు చూడను. చూడకపోయినా దాని పొగ ఎటు వాలిందో తెలిసిపోతుంది.

నెల తిరక్కుండానే ఓపెన్ స్కూల్ ఫలితాలు వచ్చాయి. మార్కుల మెమోలు సెంటర్‌కు వచ్చాయి. ఆయనది నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. ఈసారి ఆమెకు అంతా చెప్పేయాలని నిశ్చయించుకునే బయల్దేరాను. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. మీ ఆయన గుండెపోటుతో పోలేదు, దీపం ఉంటే బతికేవాడు, మాన్పించింది నేను. మూడు వాక్యాలు.

ఆమె బీడీలు చుడుతోంది. ఇప్పుడు చేతులు ఆడుతున్నాయి. మెమో చూపించి అదేమిటో చెప్పాను. కత్తెర కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది కానీ కాగితం అందుకోలేదు.

"సదువు మేడం. ఒక్కొక్కటి సదువు" అంది.

చదివాను. తెలుగు పాస్. సాంఘికశాస్త్రం పాస్. లెక్కలు పాస్. ఒక్కోదానికి ఆమె తల ఊపుతోంది.

"సైన్సు?"

"ఎనభై మూడు. అందరికంటే ఎక్కువ."

ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఆ నెలరోజుల్లో ఆ ముఖం మీద నేను చూసిన మొదటి వెలుగు అది. "నువ్వు చెప్పిన సదువు గద మేడం" అని, నా మోకాలి మీద చెయ్యి వేసింది. పొగాకు వాసన వేసే చెయ్యి. నేను కూర్చుకుని వచ్చిన మూడు వాక్యాలు నాలుక మీదికి వచ్చి అక్కడే ఆగిపోయాయి. చెబితే ఆ చెయ్యి తీసేస్తుంది. తీసేయాల్సిందే. నేను చెప్పలేదు.

"ఇంకొకటి ఉన్నది గద?"

"ఇంగ్లీషు." ఆగాను. "ఇంగ్లీషు పోయింది. ఐదు మార్కుల తేడాతో."

ఆమె చాటలోంచి ఒక తునికాకు తీసి, కత్తిరించబోయి, మళ్లీ చాటలోనే వేసింది.

"తప్పితె మల్ల రాయొచ్చునంట గద మేడం?" అంది.

రాయొచ్చన్నాను.

"ఎన్నిసార్లైన రాయొచ్చునా?"

"రాయొచ్చు" అన్నాను.

ఆమె తల ఊపి, కత్తెర తీసుకుంది.